పద్దెనిమిదో బెజ్జం

మార్చి 3, సోమవారం. ఉదయం

మా ఆవిడ గదికి తలుపు పెట్టాలి. నేనే పెడతాను.

ముప్పై ఏళ్ళు లిఫ్టులో స్టూలు మీద కూర్చుని తలుపులు తీసి వేసినవాణ్ణి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య దొరికిన సందులోనే నా చదువంతా. ఐదో అంతస్తు డాక్టరుగారు ఒకసారి... సరే, అది ఇంకోరోజు.

మూడేళ్ళ కిందట ఆవిడ జబ్బుగా ఉన్నప్పుడు ఆ తలుపు కిర్రుమనేది. కాస్త కునుకు పట్టిన మనిషి ఉలిక్కిపడి లేచేది. బందుల్లో రెండు చుక్కలు నూనె వేస్తే పోయేదానికి, గునపం పెట్టి తలుపే పీకి పెరట్లో పడేశాను. ఆ తలుపు మా బావమరిది చేసింది. వడ్రంగి. వాళ్ళక్క కోసం తన చేత్తో చేశాడు. ఆవిడ పోయాక ఒకరోజు వచ్చి, పెరట్లో వానకు తడుస్తున్న తలుపు చూశాడు. అక్క పోయిందని తెలుసు గానీ బావా, తలుపు కూడా పోయిందని తెలీదు, అన్నాడు. అంతే. రెండు వీధుల అవతలే ఉంటాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

తలుపు లేని గుమ్మంలోంచి ఖాళీ మంచం కనిపిస్తుంది. అన్నం తింటున్నా అదే, పేపరు చదువుతున్నా అదే.

మార్చి 4, మంగళవారం

పెరట్లో పడేసిన ఆ తలుపే తెచ్చి, స్క్రూ నేరుగా బిగించాను. ద్వారబంధం చీలింది. ఇంతే సంగతులు.

మార్చి 6, గురువారం. పదకొండు గంటలు

హార్డ్‌వేర్ షాపతను నవ్వాడు. బెజ్జం వేయకుండా స్క్రూ దించితే చెక్క ఊరుకుంటుందా తాతగారూ, అన్నాడు. ముందు సన్నటి బెజ్జం వేయాలట, దాన్ని పైలట్ హోల్ అంటారట. కిటుకు కూడా చెప్పాడు. డ్రిల్లు బిట్టును స్క్రూ ముందు పెట్టి వెలుతురులో చూడాలి. స్క్రూ ఒళ్ళు దాగిపోవాలి, దాని చుట్టూ ఉండే మరలు మాత్రం రెండు పక్కలా కనిపించాలి. బిట్టు సన్నమైతే చెక్క చీలుతుంది. లావైతే స్క్రూకి పట్టు దొరకదు, ఊరికే తిరుగుతుంది.

ఎనిమిది మంది పట్టే లిఫ్టులో తొమ్మిదోవాడు దూరితే తలుపు పడేది కాదు. ఒక్కడే ఎక్కితే గలగల్లాడుతూ పోయేది. ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

మార్చి 9, ఆదివారం

బిట్టు జారింది. మేకుతో చిన్న గంటు పెట్టి అందులో బిట్టు ఆనించాలని షాపతను చెప్పనే చెప్పాడు, నేనే మర్చిపోయాను. బెజ్జం రవ్వంత పక్కకి పడింది. రవ్వంతే! స్క్రూ వంకరగా దిగి బందును తనవైపు లాక్కుంది. తలుపు సగం దాకా వచ్చి మొరాయించింది.

ఊడదీసి మళ్ళీ ఎత్తాను. కింద ఎత్తుకి నాలుగు లావు నిఘంటువులు. అన్ని మాటలు మోసినవి ఒక్క తలుపు మోయలేకపోయాయి. ఒరిగి నా మీద పడింది. దెబ్బ తగల్లేదు. పడేముందు మాత్రం, ఇదిగో, ఓసారి ఇలా పట్టుకో, అని కేకేశాను. ఎవర్ని పిలిచానో తలుపు కింద కూర్చున్నాక గానీ తెలియలేదు.

తలుపు పెట్టడం ఒక్కడి పని కాదు.

మార్చి 10, సోమవారం

బావమరిది ఇంటిదాకా వెళ్ళాను. పక్కనున్న బండి దగ్గర అరటిపళ్ళు కొనుక్కుని తిరిగొచ్చాను.

మార్చి 12, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. వాకిట్లో రంపానికి ఆకురాయితో పదును పెడుతున్నాడు. తలుపు పెట్టాలిరా, పట్టుకోవడానికి మనిషి లేడు, అన్నాను. తలెత్తకుండానే, ఏ తలుపు, అన్నాడు. చెప్పాను. రంపం పక్కన పెట్టి సంచి తీసుకున్నాడు.

నా బెజ్జాలు చూశాక నోరు పెగిలింది. ఇది తలుపా బావా, జల్లెడా? చెదపురుగులు నయం, వరసగా తొలుస్తాయి, అన్నాడు. మూడేళ్ళుగా నన్ను ఎవరూ తిట్టలేదు. హాయిగా ఉంది.

చీలిక అతికించాడు. పాడైన బెజ్జాల్లో జిగురు రాసిన అగ్గిపుల్లలు కూరాడు. ఆరనీ, రేపొస్తా, అని వెళ్ళాడు. వస్తాడా?

మార్చి 13, గురువారం

వచ్చాడు.

మూడు బందులు, ఒక్కోదానికి ఆరు స్క్రూలు, పద్దెనిమిది. నేను పట్టుకున్నాను. వాడు గంటు పెట్టడం, బెజ్జం వేయడం, బిగించడం. నాచేత కూడా రెండు వేయించాడు. పదిహేడు అయ్యాక, ఇక వదిలెయ్ బావా, నిలబడుతుంది, పోయి టీ పెట్టు, చివరిది నేను చూసుకుంటా, అన్నాడు. టీ తెచ్చేసరికి అదీ అయిపోయింది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకుంది. మంచం కనబడలేదు. ఇద్దరం మూసిన తలుపును చూస్తూ టీ తాగాం.

వెళ్తూ, అవసరమైతే పిలు, అన్నాడు. వాడు పెట్టిన తలుపుకి అవసరం ఏమొస్తుంది?

మార్చి 30, ఆదివారం

తలుపు బ్రహ్మాండంగా ఉంది. ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం. సాయంత్రం

కిందిబందు చివరి స్క్రూ, ఆ పద్దెనిమిదోది, వదులైంది. తిప్పితే ఊరికే తిరుగుతోంది. ఊడదీసి, బిట్లు ఒక్కొక్కటే ఆ బెజ్జంలో పెట్టి చూశాను. స్క్రూ కంటే లావు బిట్టుతో వేసిన బెజ్జం. యాభై ఏళ్ళు చెక్కపని చేసిన చెయ్యి వాడిది. మిగతా పదిహేడూ రాయిలా ఉన్నాయి.

అగ్గిపుల్లలున్నాయి, జిగురుంది. పని కూడా వచ్చేసింది నాకు.

చెప్పులేసుకుంటున్నాను. ఈసారి అరటిపళ్ళు వాడికే.