టాయిలెట్ తలుపు మీది క్యాలెండర్

వీబే,

సూప్ పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. తిన్నాక ముందు మారిషస్ హోటల్‌కి ఫోన్ చేసి తేదీలు మార్పించు. నువ్వు బుక్ చేసిన వారంలోనే మీ అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజు! చుట్టాలంతా గుండ్రంగా కుర్చీలేసుకుని కేకు తింటుంటే, కన్నకొడుకు కొబ్బరిచెట్ల కింద పడుకుంటాడా? నువ్వు రావని ఆవిడకి నేను మాత్రం చచ్చినా చెప్పను. మన డచ్చివాళ్లందరి ఇళ్లలో లాగే మన పుట్టినరోజుల క్యాలెండర్ కూడా టాయిలెట్ తలుపు మీదే, నీ కళ్లెదురుగా వేలాడుతోంది. ఆ సముద్రపొడ్డు హోటల్ నువ్వు వెతికింది కూడా అక్కడే కదా, ఫోన్ పట్టుకుని గంటసేపు కూర్చుని!

నేను డ్యూటీకి వెళ్తున్నా.

ఫెమ్కె

తా.క.: మే నెలకి మారుస్తావేమో, ఆ పేజీ కూడా తిప్పి చూడు. పన్నెండున నా పేరుంది. పెళ్లయిన కొత్తలో నువ్వే రాశావు, పక్కన గుండె బొమ్మ కూడా వేసి.