మీ ఇద్దరి మధ్య నా ఫొటో

మార్తా,

నువ్వు వెళ్లిన ఏడాదికి, నిన్న నీ హీరో కూడా పోయాడు. నువ్వు బైబిల్లో దాచుకున్న అతని బొమ్మను చూసి నలభై ఏళ్లు కుళ్లుకున్నాను. ఇప్పుడు మనిషే నీ దగ్గరికి వచ్చేశాడు.

అల్లూరు సెంటర్లో కట్టడానికి నివాళి ఫ్లెక్సీ వేయిస్తూ, వీరాభిమానివని అతని పక్కన నీ ఫొటో వేస్తామన్నారు అభిమాన సంఘం వాళ్లు.

"వాళ్లిద్దరి మధ్యలో నన్నెయ్యండి" అన్నాను.

"మామా, పైవరస పోయినోళ్లది. నువ్వు బతికే ఉండావు గదా!"

"అయితే ఏంది? ఎయ్యండయ్యా!"

వేశారు. పొద్దున ముగ్గురికీ కలిపి ఒకే దండ వేలాడదీశారు. దారినపోయే ఒకామె ఆగి, నా బొమ్మకు దణ్ణం పెట్టింది. "అయ్యో, ఈయనెప్పుడు పోయినాడు?" అంది.

టీకొట్టు బల్ల మీద కూర్చుని విన్నాను. బతికే ఉన్నానని చెప్పాలనిపించలేదు.