అక్క పెట్టిన పథ్యం

బావా,

నువ్వు పోయిన ఆరేళ్లకి నీ ఆయాసం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నువ్వు వేసుకున్న స్టెరాయిడ్ మాత్రలే నాకూ రాశారు. మూడు నెలల్లో మొహం గుండ్రంగా అయింది, తొడలు సన్నబడ్డాయి. నీకూ అంతే. నీ మొహం చూసి ఒళ్లు చేశావని మేమంతా మురిసిపోయాం.

మొన్న బందరు డాక్టరు గారు చెప్పారు. ఈ మందు కండని తినేస్తుందట. అలాగని సొంతంగా మానకూడదు. చేపా గుడ్డూ పప్పూ బాగా తినాలి, నడవాలి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి రోజూ పదిసార్లు లేవాలి.

నాకు వండిపెట్టడానికి అక్క నాగాయలంక నుంచి వచ్చింది. మందు వేసుకుంటే పథ్యం ఉండాలని వస్తూనే చారన్నం పెట్టింది. నీకూ అదే పెట్టింది కదా. సముద్రం మీద వేటకెళ్లే మనిషివి, రెండేళ్లు చేపముక్క చూడలేదు, మంచం దిగలేదు. చివరికి నిన్ను లేపడానికి ఇద్దరం కావాల్సి వచ్చేది.

డాక్టరు మాట చెప్పగానే అక్క గరిటె కింద పెట్టేసింది.

"మీ బావ మింగినయ్యీ ఇయ్యేనంట్రా?"

"కాదక్కా. అవి పాత రకం, వాటికి పథ్యం ఉండాల్సిందే. ఇవి కొత్తవి."

"నిజంగానా?"

"అబద్ధాలాడ్డం నా పని గానీ డాక్టరుది కాదు కదే."

మధ్యాహ్నం చేపల పులుసు పెట్టింది. నేను కుర్చీలోంచి లేస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చాను.

ఎప్పుడో ఒకప్పుడు అక్క నీ దగ్గరికి వస్తుంది. అడిగితే, ఆ మాత్రలు వేరేవని నువ్వూ చెప్పు.