సందు మొదట్లో పోసిన పిప్పి

యున్‌షూ,

కషాయం మట్టికుండలో ఉంది. వెచ్చబెట్టుకుని తాగు, ఇనుప గిన్నెలో మాత్రం పొయ్యకు. ఆస్పత్రి మాత్రలూ మానకు. నిన్నటిలా కషాయాన్ని పూలకుండీలో పారబోస్తే ఊరుకోను, చీకటితో లేచి కాచేది నేను.

కషాయం వడగట్టిన పిప్పిని మా అమ్మ చేసినట్టే సందు మొదట్లో పోశాను. ఎవరు తొక్కితే వాళ్ళ వెంట నీ దిగులు జబ్బు పోతుందని కదా. వెనక్కి తిరిగి చూస్తే ఎదురింటి కోడలు లింగ్‌ఫెయ్ అటే వస్తోంది. ఆగమనడానికి నోరు రాలేదు. రాకపోవడమేమిటి, నేనే తెరవలేదు. తొక్కేసింది. తొక్కి, "పిన్నీ, యున్‌షు ఈ పూటైనా ఏమన్నా తిందా?" అని అడిగింది.

అమ్మ

మరిచాను. సాయంత్రం లింగ్‌ఫెయ్ నీకోసం ఆవిరి బన్నులు తెస్తానంది. తలుపు నువ్వే తియ్యి. ఆ పిల్ల ముందుకు రావడానికి నాకు ముఖం చెల్లదు.