క్యాసెట్టులో వచ్చిన బండి చప్పుడు

కువైట్,
శుక్రవారం.

తమ్ముడు మునిరాజాను అన్న చెంగల్రాయుడు మనసారా దీవించి రాస్తున్న జాబు.

నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నాయన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? అమ్మ వేళకు తింటోందా? నీ భార్య కళావతినీ పాపనూ అడిగానని చెప్పు. నా గురించి ఎవరూ దిగులు పడొద్దు. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

నువ్వు పంపిన క్యాసెట్టు అందింది. మా గదిలో ఉండే రాయచోటి మస్తాన్ సెలవుకు ఊరికి వెళ్ళి తిరిగి వస్తూ తెచ్చి ఇచ్చాడు. నేను జాబుల్లో అడిగినవాటికి జవాబు రాయలేక మన పాత మోటారుబండి స్టార్టు చేసి టేపురికార్డరు పక్కన పెట్టావు చూడు, నీ తెలివికి నవ్వొచ్చింది. "అన్నా, ఆ సప్పుడు రాసేదానికి నాకు రాలే. నువ్వే విను. యాడ నొప్పి ఉండాదో నువ్వే సెప్పు" అన్నావు. సెలవు రోజు కదా, గదిలో అందరం కూర్చుని విన్నాం. "ఇదేం పాటప్పా, పల్లవే అయిపోలేదు" అన్నాడు మస్తాన్. అందరితో పాటు నేనూ నవ్వాను. తరువాత నవ్వలేకపోయాను.

మొదటి జాబులో ప్లగ్గు చూడమన్నాను. గీకి పెట్టావు, నిప్పు బాగానే వస్తోందన్నావు. రెండో జాబులో కార్బొరేటరు జెట్టు ఊదమన్నాను, ఊదావు. మూడోసారి సైలెన్సరు విప్పి మసి కాల్చమన్నాను, అదీ చేశావు. అయినా ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే లేచే బండి ఐరాల దాటిన మిట్ట మీదికి రాగానే ఆగిపోతోంది. అరగంట చల్లారితేగానీ కదలదు. ఆ అరగంటలో కాణిపాకం అంగళ్ళకు మనకన్నా ముందు వేరేవాళ్ళ చామంతులు చేరిపోతాయి. "పొద్దు పోయినంక పూలు ఎవురికప్పా?" అని అంగడాయన అన్నాడని చెప్పావే, ఆ మాట నాకు తగిలింది.

ఇక చప్పుడు సంగతి. మొదట పైనుంచి గలగలమంది. అది పిస్టన్, దానికి భయపడలేదు. నువ్వు యాక్సిలరేటరు తిప్పి వదిలినప్పుడు కిందనుంచి టకటకమని వచ్చింది. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ అరిగిపోయింది, మునిరాజా. నమ్మకం లేకపోతే మిట్ట మీద బండి ఆగిపోయినప్పుడు కిక్కు మీద నిలబడి చూడు. కాలికి అడ్డం తగలకుండా మెత్తగా దిగిపోతే ఇంజను కథ ముగిసినట్టే.

ఎందుకిలా అయిందో కూడా ఆ క్యాసెట్టులోనే ఉంది. పెట్రోల్లో ఆయిల్ కలుపుతూ చెప్పావు: "ఆయిల్ కూడా నువ్వు సెప్పినట్టే పోస్తా ఉండానన్నా, లీటరుకు రెండు మూతలు. ఆ పాత మూత యాడో పడిపోయె. పాప దగ్గుమందు సీసా మూతతో పోస్తా ఉండా."

రెండు మూతలు అని చెప్పింది నేనే. ఏ మూతో చెప్పలేదు. నేను కొలిచింది షెడ్డులో ఉన్న పెద్ద ఆయిల్ డబ్బా మూతతో. దగ్గుమందు మూతలో అందులో మూడో వంతు కూడా పట్టదు. ఇన్నాళ్ళూ ఆ ఇంజను ఆయిల్ చాలక ఎండి, తనను తానే కోసుకుంది. నువ్వు ఒక్క మూత కూడా తప్పలేదు. తప్పు నాది. చిత్తూరంతా నన్ను మెకానిక్కు అనేది, ఇంట్లో తమ్ముడికి కొలత చెప్పడం చేతకాలేదు. ఇప్పుడు చెప్పినా ఇల్లు కాలాక బావి తవ్వినట్టే.

సిలిండరు లోపల గీకించి బోరు వేయిస్తే సరిపోదా అంటావు. నేను వచ్చే ముందు వేయించిందే ఆఖరి సైజు. ఇంకా గీకితే సిలిండరు మిగలదు. ఆ రకం బండ్లు రావడం ఆగిపోయి చాలాకాలమైంది. పాత ఇనుము అంగట్లో ఇంకో సిలిండరు దొరికినా, అది ఎవరో మనలాగే పారేసిందే అయి ఉంటుంది. ఇంక దాని మీద ఏమీ పెట్టవద్దు.

ఇంతసేపూ ఇంజను గురించి రాశానుగానీ నా భయం అది కాదు. బండి కాకపోతే నువ్వూ ఇక్కడికే వస్తానని మొదటి జాబులోనే రాశావు. నేను ప్లగ్గు అనీ జెట్టు అనీ పేజీలు నింపింది నిన్ను అక్కడ ఆపడానికే. క్యాసెట్టు చివర "పాస్‌పోర్టుకు ఫోటో దిగినా అన్నా" అన్నావు. రావద్దు నాయనా.

నేను గ్యారేజీలో పని అని రాశాను. అబద్ధం. వచ్చిన రోజు నుంచి కూరగాయల గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాను. లోపల మంచు, బయట కొలిమి. ఒకప్పుడు చూడకుండా వేలితో తడిమి బోల్టు సైజు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవాలంటే వేళ్ళు మాట వినవు. అమ్మకు మాత్రం ఇది చదివి వినిపించవద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి కొంచెం పంపు. సంగటి తిని ఎన్నాళ్ళయిందో లెక్కే లేదు.

పూలు బస్సులో వేసుకుపో. ఆలస్యమైతే సగానికే అమ్ము. కూలికి పో. ఏదైనా చెయ్, కళావతి కళ్ళ ముందు ఉండు. ఇంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

అమ్మకూ నాయనకూ నా దండాలు. వాళ్ళ దీవెన నా మీద ఉండాలని అడిగానని చెప్పు. పాపకు ముద్దులు.

నా మంచానికి పైన ఉన్న మంచంలో పడుకునే ఆయన నిన్న శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళెవరూ ఎక్కకుండా నా పెట్టె తీసి ఆ మంచం మీద పెట్టాను. రావద్దని ఇంత రాసి కూడా, దాన్ని దించలేకపోతున్నాను.

ఇట్లు,
నీ అన్న,
చెంగల్రాయుడు