హాలీ చెంబు, కల్దార్ మిషన్

గురువారం, శాలిబండ

కుట్టు మిషన్ కోసం రెండేళ్లుగా ఇత్తడి చెంబులో దాచిన డబ్బు పట్టుకుని మా ఆయన పొద్దున బేగంబజార్ వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మిషన్ ధర ఇంగ్రేజు వాళ్ల కల్దార్ రూపాయల్లోనట. మేం దాచినవన్నీ మన నిజాం హాలీ రూపాయలు. ఏడు హాలీలిస్తే గాని ఆరు కల్దార్లు రావు, అందుకే డబ్బు తక్కువ పడింది.

"ధర అడిగిన్నాడే గీ ముచ్చట అడగొద్దా?" అన్నాను.

"రూపాయంటే రూపాయే అనుకున్న. జర సబర్ చెయ్యి."

సబరట, ఓపిక పట్టాలట! మిషన్ వస్తుందన్న ధీమాతో పక్కింటి ఖాలా దగ్గర రంజాన్ కుర్తాలు కుట్టిస్తానని బట్ట తీసేసుకున్నాను. ఇప్పుడు ఆమెకేం చెప్పను?

పోనీ, తెలియని మనిషా? ఈయన కొలువే సరాఫు దుకాణంలో. పొద్దంతా హాలీలు తీసుకుని కల్దార్లు ఇవ్వడమే పని. అదే అడిగితే అంటాడూ, "గది దుకాణం లెక్క. గిది ఇంటి లెక్క!"