మంచులో దుమ్ము

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. తమ్ముడు రాలేదు. కోదాడ బస్టాండుకు వెళ్లి తీసుకొద్దామనుకున్నాను గానీ, సెలవు ఆపేశారని నిన్న ఫోన్ చేశాడు. వాడు కూడా ఇప్పుడు నువ్వు డ్యూటీ చేసిన ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు.

"దగ్గే జవాన్లందర్నీ నిలబెట్టి ముక్కుల పుల్ల పెట్టి చూస్తున్నరక్కా. నాది దుమ్ము దగ్గని చెప్పిన. ఈ మంచుల దుమ్మెక్కడిదని డాక్టర్ మేడం నవ్వింది."

మన మేళ్లచెరువులో ఎవరు దగ్గినా దుమ్మే కదా. సిమెంటు లారీలు తిరిగే దారిలో పెరిగిన మనకు దగ్గుకు ఇంకో పేరు తెలియదు. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు నువ్వూ దుమ్మనే అన్నావు. నిమోనియా అన్న మాట నీ శవపెట్టె వెంట వచ్చిన జవాన్ల నోటే విన్నాం.

అమ్మ పొద్దుటి నుంచి సణుగుతూనే ఉంది. "జర దగ్గితే సెలవు ఆపుతరా? అన్న కార్యానికి తమ్ముడు లేకపాయె." బాబాయి కార్యం కానిచ్చి వెళ్లిపోయాడు. గిన్నెలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోన్ చేసి, మాట మధ్యలో దగ్గాడు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"దుమ్మేనారా?"

"కాదమ్మా, ఫ్లూ అంట. వేరే గదిల పెట్టిండ్రు. మందులిచ్చి రోజూ చూస్తమన్నరు."

అమ్మ ఫోన్ నాకిచ్చేసి, నీ ఫొటో వైపు చూసింది. నాతో అంది:

"ఆడనే ఉండమను. సెలవు అడగొద్దని చెప్పు."